నలుగురంటే భయం, మందు కూడా నలుగురేనా?

ప్రశ్న: అక్కా, నా వయసు 36. పుట్టిల్లు టెక్కలి దగ్గర పల్లె, మెట్టినిల్లు పర్లాకిమిడి. ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటాను. చిన్నప్పటి నుంచీ నలుగురిలో నోరు పెగలదు. పదో తరగతిలో ఒకసారి పాఠం చదవమంటే గొంతు వణికింది, అందరూ నవ్వారు. అప్పటి నుంచి మరీ ఎక్కువైంది. పెళ్లిళ్లకు వెళితే పంక్తిలో కూర్చుని తినలేను, వంటవాళ్లకు సాయం చేస్తున్నట్టు వెనకే ఉండిపోతాను. ఫోను మోగితే పిల్లవాడి చేతికి ఇచ్చేస్తాను. మహిళా సంఘంలో ఆరేళ్లుగా సభ్యురాలిని. లెక్కలు బాగా రాస్తానని ఇప్పుడు నన్ను కార్యదర్శిగా ఉండమంటున్నారు. పోయిన నెల బ్యాంకులో అందరి ముందు సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఎంత వణికిందంటే, సంతకం కలవలేదని మళ్లీ పెట్టించారు. ఆ రాత్రి నిద్ర లేదు. ప్రతి సమావేశానికీ మూడు రోజుల ముందు నుంచే కడుపులో తిప్పుతుంది. మా ఆయన 'సిగ్గరివి, దానికింత గొడవా' అంటారు. ఇలాంటి భయమే ఉన్న పెద్దవాళ్లు ఏడెనిమిది మంది మా ఊళ్లోనే నెలకు రెండు ఆదివారాలు ఒక చోట కూర్చుంటున్నారట. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ వెళుతోంది, నన్నూ రమ్మంది. మనుషులంటే భయపడేదాన్ని మనుషుల మధ్యకే వెళితే తగ్గుతుందా, పెరుగుతుందా? మాది చిన్న ఊరు, సంగతి బయటపడితే? అక్కడ ఎక్కువగా ఒడియాలో మాట్లాడతారట. నాకు అర్థమవుతుంది గాని మాట్లాడితే తప్పులు పోతాయి. కార్యదర్శి సంగతి వచ్చే నెలలోగా చెప్పాలి.
ఒక సోదరి, పర్లాకిమిడి

సమాధానం:

వెళ్లండి, చెల్లెమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు కాస్త నిదానంగా చదువుతారు. అయితే అందరి కష్టాలూ విని, మీ కష్టమూ చెప్పుకుని, మనసు తేలిక చేసుకుని రావడానికి మాత్రం వెళ్లకండి. ఆ తేలిక ఆ సాయంత్రానికి బాగానే ఉంటుంది. మీకు కావలసింది, చెయ్యి వణుకుతున్నా బ్యాంకులో సంతకం పెట్టి ఇంటికి వచ్చి నిద్రపోవడం. ఆ ఆదివారం కూటమి అందుకు పనికొస్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే దాన్ని తూచండి.

మీ ఆయన మాటతో మొదలుపెడతాను. మీరు కూడా లోపల ఎక్కడో ఆ మాటే నమ్ముతున్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది. సిగ్గు వేరు, మీరు రాసింది వేరు. సిగ్గరి మనిషి కొత్త చోట పావుగంట ముడుచుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత పక్కావిడ చీర ఎక్కడ కొన్నదో అడుగుతుంది, పంక్తిలో పులిహోర రెండోసారి వేయించుకుంటుంది. మీకు భయం మూడు రోజుల ముందే వచ్చి కూర్చుంటోంది. అయిపోయాక కూడా పోవడం లేదు, ఆ రాత్రి నిద్రను తినేస్తోంది. ఈలోగా పంక్తి భోజనం, ఫోను, బ్యాంకు అంటూ ఒక్కొక్కటే వదులుకుంటూ వస్తున్నారు. దీన్ని వైద్యులు సోషల్ యాంగ్జైటీ అంటారు. అమెరికన్ మనోవైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీన్ని 1980లో విడిగా ఒక రుగ్మతగా చేర్చింది. భయం ఆరు నెలలకు పైగా ఉండటం, అసలు ప్రమాదానికి ఎన్నో రెట్లు మించి ఉండటం, చేసుకోవలసిన పనులకు అడ్డు రావడం వాళ్లు చూసే ముఖ్యమైన గుర్తులు. చాలామందికి మీకులాగే బడిలో చదివే వయసులో మొదలవుతుంది. మీకున్నది అదేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చను, ఆ పని వైద్యులది. కానీ సిగ్గు అని నవ్వేసి ఊరుకునే సంగతి మాత్రం కాదిది.

మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. మగవాడు నలుగురిలో నోరెత్తకపోతే వీడికేమైందని ఎవరో ఒకరు ఆరా తీస్తారు. ఆడపిల్ల నోరెత్తకపోతే ఎంత అణకువ అని మెచ్చుకుంటారు. పెళ్లిచూపుల్లో మీరు తలవంచుకుని కూర్చున్నది భయంతో అయినా, అవతలివాళ్లకు అది గుణంగానే కనిపించి ఉంటుంది. ఏళ్ల తరబడి మెప్పు పొందిన దాన్ని బాధ అని చెప్పుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. మగవాళ్ల దారి ఇంకో రకం. పెళ్లికి వెళ్లే ముందు ఒక పెగ్గు వేసుకుంటే మాట వస్తుందని కనిపెడతారు, కొన్నాళ్లకు ఆ పెగ్గు లేనిదే గడప దాటలేరు. మీ కూటమిలో అలాంటివారు ఒకరిద్దరు తగిలితే ఆశ్చర్యపోకండి.

ఇక సంతకం దగ్గరికి వద్దాం, మీ ఉత్తరంలో అసలు సంగతంతా అందులోనే ఉంది.

పెన్ను పట్టుకున్నప్పుడు మీ చూపు కాగితం మీద లేదు. వెనక వరసలో నిలబడ్డవాళ్లకు మీరెలా కనిపిస్తున్నారో, ఆ బొమ్మ మీద ఉంది. ఆ బొమ్మ గీసింది వాళ్లు కాదు. మీ గుండె దడను, అరచేతి చెమటను ఆధారం చేసుకుని మీరే గీసుకున్నారు. లోపల ఎంత అల్లకల్లోలంగా ఉందో బయటికీ అంతే కనిపిస్తోందని నమ్మారు. వణుకు ఆపాలని పెన్ను బిగించి పట్టుకున్నారు, బిగించేసరికి వేళ్లు ఇంకా వణికాయి. ఇంటికి వచ్చాక ఆ రెండు నిమిషాలనే రాత్రంతా తిప్పి తిప్పి చూసుకున్నారు. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు ఈ తీరునే విడమరచి చెప్పారు. మనిషి దృష్టి ఎదుటివాళ్ల మీద నుంచి తన మీదికి తిరగడం, గట్టెక్కడానికి చిన్న చిన్న ఉపాయాలు పట్టుకోవడం, ముందూ వెనకా అదే పనిగా తలుచుకోవడం, ఈ మూడూ కలిసి భయాన్ని చావనివ్వవని వాళ్లు చూపించారు.

మీ ఉపాయాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. పంక్తి తప్పించుకోవడానికి వంటవాళ్ల సాయం, ఫోను తప్పించుకోవడానికి పిల్లవాడు. సంఘంలో తలుపు పక్కన కూర్చోవడం, చెప్పబోయే వాక్యాన్ని మనసులో పదిసార్లు వల్లించుకోవడం కూడా ఉండే ఉంటాయి, రాయలేదంతే. ఇలా తప్పించుకున్నప్పుడల్లా దొరికే ఊరట అప్పుగా తెచ్చుకున్నది, చెల్లెమ్మా. సంఘం లెక్కలు రాసే మీకు వడ్డీ సంగతి నేను చెప్పనక్కర్లేదు. పదో తరగతి పాఠంతో మొదలైన బాకీ ఇప్పుడు విస్తరి దాకా పెరిగింది.

మనుషుల భయానికి మనుషుల మధ్యకే వెళ్లడం ఎలా పనిచేస్తుందన్నది మీ మొదటి అనుమానం. మీరు ఆ గదిలో కూర్చున్నప్పుడు ఎదురుగా ఒకాయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అయినా ఒలకబోసుకుంటాడు. మీరు ఏమనుకుంటారు? ఛీ అనుకోరు. పాపం అని కూడా పెద్దగా అనుకోరు, మీ గ్లాసు సంగతి మీకు ఉంటుంది. ఇతరుల చెయ్యి వణికితే మీ మనసులో ఏం మెదులుతుందో అప్పుడు స్వయంగా తెలుస్తుంది. బ్యాంకులో మీ వెనక ఉన్నవాళ్ల మనసులో మెదిలింది కూడా అంతకు మించి ఉండదన్న సంగతి ఎవరో చెబితే నమ్మలేరు, ఇలా చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ లోకంలో మీరొక్కరే ఇలా ఉన్నారనుకున్నది కూడా ఆ ఒక్క పూటలో సగం సడలుతుంది.

అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. సాధన చేయడానికి మనుషులు సిద్ధంగా దొరకడం. అమెరికాలో రిచర్డ్ హైమ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1980లలో ఈ భయానికి సామూహిక చికిత్స ఒకటి రూపొందించారు. సుమారు ఆరుగురు రోగులు, ఇద్దరు చికిత్సకులు, వారానికోసారి రెండున్నర గంటలు, పన్నెండు వారాలు. అక్కడ గంటల కొద్దీ మాట్లాడుకోరు, నటిస్తారు. ఎవరికి ఏ సన్నివేశం భయమో ఆ గదిలోనే దాన్ని ఏర్పాటు చేస్తారు. మీ విషయంలో అయితే ఒకాయన బల్ల వెనక కూర్చుని మేనేజరు అవుతాడు, ముఖం చిట్లించుకుంటాడు. ఇంకో ఇద్దరు మీ వెనక నిలబడి 'ఎంతసేపమ్మా, మాకు బస్సుంది' అని విసుక్కుంటారు. మీరు సంతకం పెడతారు. మేనేజరు కలవలేదని కాగితం వెనక్కి తోస్తాడు. మళ్లీ పెడతారు. అలా ఐదారుసార్లయ్యాక అసలు పని మొదలవుతుంది. ఈసారి చెయ్యి కావాలనే వణికిస్తూ పెట్టమంటారు. నవ్వకండి, దీన్ని నిజంగానే చేయిస్తారు. దాచాలనుకున్నదాన్ని మీరే బయటపెట్టినప్పుడు, మీరు ఊహించుకున్న ఉపద్రవం ఏదీ రాలేదని మీ కళ్లతో మీరే చూస్తారు. సాధన అయ్యాక పెన్ను పట్టిన మీరు ఎలా కనిపించారో ఆ ఏడుగురినీ అడగండి. మీరు మనసులో గీసుకున్న బొమ్మకూ వాళ్లు చెప్పేదానికీ ఎంత తేడా ఉంటుందో ఆ రోజు చూసుకోండి.

మీ కూటమిని నడిపేవారిలో శిక్షణ పొందిన మనస్తత్వవేత్త ఉన్నారో లేదో మీరు రాయలేదు. లేరనే అనుకుంటున్నాను. అలాంటప్పుడు ఒక నిజం చెప్పాలి. పరిశోధనల్లో గట్టిగా నిలబడింది చికిత్సకులు నడిపే పద్ధతి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2013లో ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ భయానికి సామూహిక చికిత్స కన్నా ఒక్కొక్కరితో విడిగా చేసే చికిత్సకే మొదటి పీట వేశాయి. కాబట్టి పదిమంది బాధితులు తమంతట తాము కలుసుకునే చోటు వైద్యానికి తోడు కాగలదే గాని వైద్యం కాదు. అయితే పర్లాకిమిడిలో వారం వారం విడిగా కూర్చోబెట్టి చికిత్స చేసేవారు దొరకడం ఎంత తేలికో మీకూ నాకూ తెలుసు. దొరికినదాన్ని సరిగ్గా వాడుకోవడం తెలివైన పని.

సరిగ్గా అని ఎందుకన్నానంటే, ఇలాంటి కూటములు రెండు రకాలుగా తేలతాయి. మొదటి రకంలో అందరూ తమ భయాన్ని వర్ణించుకుంటారు, ఒకరి వర్ణనకు ఇంకొకరు తలూపుతారు, కొన్నాళ్లకు ఆ గది ఒక్కటే వాళ్లు ఊపిరి పీల్చుకోగల చోటు అవుతుంది. బయట పెళ్లికి పిలుపు వస్తే మానేస్తారు, గదికి వచ్చి మానేశామని చెబుతారు, మిగతావాళ్లు ఓదారుస్తారు. దాక్కోవడానికి ఇంకో వంటిల్లు దొరికినట్టు అంతే. రెండో రకంలో మొదటి ప్రశ్నే 'ఈ పదిహేను రోజుల్లో ఏం చేశారు' అని ఉంటుంది. ఎవరో కిరాణా కొట్టులో చిల్లర తక్కువ ఇచ్చారని అడిగి తీసుకున్నామంటారు. ఎవరో అడగలేకపోయామంటారు, ఎక్కడ ఆగిపోయారో విడదీసి చూసుకుంటారు. మీరు మూడుసార్లు వెళితే అది ఏ రకమో మీకే తెలిసిపోతుంది.

జపాన్‌లో షోమా మొరిటా అనే వైద్యుడు వంద ఏళ్ల కిందటే ఇలాంటి భయాలున్నవాళ్లకు చికిత్స చేసేవారు. భయం పోయాక పని చేద్దామని కాచుకుని కూర్చోవద్దు, భయం ఉండగానే చేయవలసిన పని చేయమన్నది ఆయన పద్ధతికి ప్రాణం. ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు, 1970ల నుంచి, అదే పద్ధతి పట్టుకుని అక్కడ బాధితులే ఊరూరా కలుసుకుని ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు. డాక్టర్లు లేకుండా నడిచే కూటమికి కూడా ఒక పద్ధతి ఉంటే నిలబడుతుందని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

కొన్ని గుర్తులు చెబుతాను, మొదటి రోజే కనిపెట్టవచ్చు. కొత్తవాళ్లను మొదటి రోజు మాట్లాడమని బలవంతం పెట్టకూడదు. ఒకరి మాత్రలు ఇంకొకరికి పంచకూడదు. ఎవరూ అక్కడ చీటీలు, బీమా, తైలాలు, తాయెత్తులు అమ్మకూడదు. బాధలో ఉన్న పదిమంది ఒక చోట చేరితే వాసన పట్టి వచ్చేవాళ్లు ఉంటారు. ఫొటోలు తీయకూడదు, వాట్సాప్‌లో పేర్లు పెట్టకూడదు. మీ మహిళా సంఘంలో తీర్మానాల పుస్తకం, హాజరు, సంతకాలు ఉంటాయి కదా, ఇక్కడ అవేవీ ఉండకూడదు. ఆరేళ్లుగా సమావేశాలు చూస్తున్నారు కాబట్టి, ఎవరైనా ఒక్కరే గంటసేపు మాట్లాడితే కూటమి ఎలా చస్తుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

సంగతి బయటపడితే అన్నారు. మీ ఊరి సైజుకు అది న్యాయమైన భయమే. రాజవీధిలో తుమ్మితే మహేంద్రతనయ ఒడ్డున చిరంజీవ అంటారు. లోపలి మాట బయటికి పోకూడదన్న నియమం ఉందా, దాన్ని ప్రతిసారీ గుర్తు చేస్తారా అని మిమ్మల్ని రమ్మన్న ఆవిడను ముందే అడగండి. ఉన్నా కూడా ఎప్పుడో ఒకసారి ఎవరి నోరో జారుతుంది, ఆ మాట దాచి మీకు ధైర్యం చెప్పలేను. అందుకని ఒక వాక్యం సిద్ధంగా పెట్టుకోండి. 'నలుగురిలో మాట్లాడటం నేర్చుకోవడానికి వెళుతున్నాను.' అబద్ధం కాదు, సంజాయిషీ కాదు. అడిగినవాళ్లు దాని మీద ఇంకో ప్రశ్న వేయడం కష్టం. వివరాలన్నీ మొదటి నెలలోనే చెప్పేసుకోనక్కర్లేదు, మనుషులను చూసి కొద్ది కొద్దిగా చెప్పండి. అత్తవారింటి గొడవలు అసలే వద్దు, ఆ గదికి వాటితో పని లేదు.

ఒడియా సంగతి కాస్త నిలిచి చూడాలి. సరిహద్దు ఊళ్లలో ఉన్న మన ఆడపిల్లల్లో ఎంతోమందికి ఇది రెండు ముళ్ల చిక్కు. భాష రాకపోవడం ఒకటి, మనుషుల భయం ఒకటి. రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోతుంది. మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. టెక్కలి వైపు పెళ్లిళ్లలో అంతా తెలుగే కదా, అక్కడ పంక్తిలో కూర్చుని తింటున్నారా? పదో తరగతి పాఠం తెలుగులోనే చదివారు కదా? అంటే భయం ఒడియా కంటే ముందే వచ్చింది. ఒడియా దానికి ఒక మంచి సాకుగా దొరికింది. ఒడియా బాగా వచ్చాక మాట్లాడతానని మీరు వాయిదా వేస్తున్నది, నిజానికి మాట్లాడటాన్నే.

భాషను చిన్నచూపు చూడమని కాదు, నేర్చుకోండి. కానీ పర్లాకిమిడి బజారులో నిలబడి చెవి పెట్టి వినండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరు అటు, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు పోయాయి గాని, మాటలు మాత్రం ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. కూరల దుకాణంలో వాక్యం ఒడియాలో మొదలై తెలుగులో ముగుస్తుంది, ఎవరూ మార్కులు వేయరు. మీ ఊరి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసేంత వరకు వెళ్లింది సవరలతో కూర్చుని మాట్లాడి మాట్లాడే. ముందు గదిలో నేర్చుకుని తర్వాత మాట్లాడదామని ఆయన ఆగి ఉంటే ఆ పుస్తకాలు ఉండేవి కావు.

కూటమిలో ఇలా చేయండి. మనసులోది చెప్పేటప్పుడు తెలుగులోనే చెప్పండి. వింటున్నవాళ్లలో ఎక్కువమందికి అర్థమవుతుంది, అర్థం కాని ఒకరికి మిమ్మల్ని రమ్మన్న ఆవిడ చెబుతుంది. సాధన మాత్రం ఒడియాలో చేయండి, ఎందుకంటే బ్యాంకులో కావలసింది అది. ఒక వారం కావాలనే తప్పు ఒడియాలో కొట్టులో ఏదో ఒకటి అడిగి రండి. సరుకు దొరికిందా, లేదా? కొట్టువాడు ఎలా చూశాడు? మీరు అనుకున్నట్టే చూశాడా? వచ్చే ఆదివారానికి మీరు చెప్పవలసిన కథ అదే.

వైద్యం సంగతి. కూటమికి వెళ్లినా వెళ్లకపోయినా ఒకసారి డాక్టరును చూడండి. చెయ్యి వణుకు, గుండె దడ థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కూడా ఉంటాయి, చిన్న రక్తపరీక్షతో తేలిపోతుంది. మనోవైద్య విభాగం బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో ఉంది. విశాఖ వైపు రాకపోకలు తేలిక అనుకుంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఈ భయానికి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వంటి మందులు వాడతారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గిందని మీ అంతట మీరు ఒక్కసారి ఆపకూడదు. వణుకు ఆపడానికి ప్రొప్రనలాల్ అనే మాత్ర మంచిదని ఎవరైనా కూటమిలో చెబితే విని ఊరుకోండి, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. డాక్టరు రాస్తేనే వేసుకోవాలి.

బరంపురం వెళ్లే లోపు ఇంట్లోంచే మాట్లాడే దారి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోనంటే భయపడే మనిషికి ఫోను నంబరు ఇస్తున్నానని నాకు తెలుసు. చెప్పదలచుకున్నది నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకుని, చూసి చదవండి. మధ్యలో పెట్టేసినా ఎవరూ నిలదీయరు. పిల్లవాడి చేతికి ఇవ్వకుండా మీరే చేసిన మొదటి ఫోను ఇదే కావచ్చు. బతుకు మీద విసుగు, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఆదివారం దాకా ఆగకండి, అదే రోజు ఆ నంబరుకు చేయండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ఈ భయం ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో దిగులు జబ్బు తోడవడం మామూలే.

మీ ఆయనను ఒప్పించే పని ఇప్పుడే పెట్టుకోకండి. ఒప్పించాక వెళతాననుకుంటే అది ఇంకో వాయిదా అవుతుంది. రెండు ఆదివారాలు రెండు గంటలు బయటికి వెళ్లి వస్తానని చెప్పండి, చాలు. డాక్టరు దగ్గరికి మాత్రం వెంట తీసుకువెళ్లండి. మీరు చెబితే సిగ్గు అనిపించింది డాక్టరు చెబితే జబ్బులా వినిపిస్తుంది, మన మగవాళ్ల చెవులు అలాంటివి.

కార్యదర్శి పదవికి భయంతో వద్దనకండి, మొహమాటంతో సరే అనకండి. మూడు నెలలు గడువు అడగండి. ఈ మూడు నెలలూ లెక్కలు రాయడమే కాకుండా సమావేశంలో వాటిని చదివి వినిపించే పని నాకివ్వండి, ఆ తర్వాత చూద్దాం అనండి. అంకెలు చదవడానికి వాక్యం కూర్చుకోనక్కర్లేదు, మీ ఒడియాకు కూడా మంచి మెట్టు. సంతకానికి వేరే మెట్లు వేసుకోండి. ముందు ఇంట్లో పిల్లవాడు చూస్తుండగా పెట్టండి, తర్వాత సంఘంలో ఇద్దరి ముందు, తర్వాత కూటమిలో ఆ దొంగ మేనేజరు ముందు, తర్వాత బ్యాంకులో జనం పలచగా ఉండే వేళ, చివరికి సంత రోజున. ఒక మెట్టు మీద దడ తగ్గేదాకా నిలబడండి, ఒకే మెట్టు నాలుగుసార్లు ఎక్కవలసి వచ్చినా ఎక్కండి. పెన్ను వదులుగా పట్టుకోండి. చెయ్యి వణికితే వణకనివ్వండి, సంతకం కలవకపోతే ఇంకోసారి పెట్టమంటారు. పోయిన నెల అదే జరిగింది, పని అయింది కూడా కదా.

మొదటి ఆదివారం పది నిమిషాలు ముందే వెళ్లండి. నిండిన గదిలోకి అడుగుపెట్టడం కన్నా, మీరు కూర్చున్నాక గది మీ చుట్టూ నిండటం తేలిక. తలుపు పక్క కుర్చీ వదిలేసి లోపలి వరసలో కూర్చోండి. పేరు చెప్పి, ఈ రోజు వింటానని అనండి, అంతే. మధ్యలో లేచి రాకండి. ఇంటికి వచ్చాక జరిగినదంతా నెమరు వేసుకోవడం మొదలైతే మిషను ముందు కూర్చుని ఆగిపోయిన జాకెట్టు పూర్తి చేయండి. మొదటి రోజు నచ్చకపోయినా మానకండి, చాలామందికి మొదటి రోజు నచ్చదు. మూడుసార్లు వెళ్లాక అది దాక్కునే గదిలా తోస్తే నాలుగోసారి వెళ్లనక్కర్లేదు, ఆ ఆదివారం మానేసి సోమవారం పొద్దున బరంపురం బస్సు ఎక్కండి.